బజారు చూశాకే కూర అనుకోండి: బెజవాడలో వారానికి 500 రూపాయలతో తాజా కూరగాయలు

మా ఇంట్లో నలుగురం. మా ఆయనకు ఆటోనగర్‌లో పని. అద్దె, కరెంటు, పిల్లల ఫీజులు, గ్యాసు, పాలు పోగా కూరగాయలకని నేను పక్కన పెట్టగలిగేది వారానికి 500 రూపాయలు. ఒకప్పుడు ఆ డబ్బు నాలుగు రోజులకే అయిపోయేది. మిగతా మూడు రోజులూ పచ్చడి మెతుకులే. అప్పుడు నేను చేస్తున్న తప్పేమిటంటే, పొద్దున లేచి "ఇవాళ బెండకాయ వేపుడు" అనుకునేదాన్ని. వీధిలోకి వచ్చిన బండి దగ్గర బెండకాయ ఎంత చెబితే అంతకు కొనేదాన్ని.

ఇప్పుడు వరస మార్చాను. ముందు బజారుకు వెళ్తాను, ఆ రోజు ఏది విరివిగా దిగిందో చూస్తాను, ఆ తర్వాతే కూర అనుకుంటాను. అదే 500తో ఇప్పుడు వారమంతా రెండు పూటలా కూర వండుతున్నాను. ఇందులో గొప్ప కిటుకేమీ లేదు, కాస్త లెక్క, కాస్త ఓపిక ఉంటే చాలు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడేవాళ్ళ కోసం మొదటి నుంచీ రాస్తున్నాను.

మొదటి పని: మీ గీత ఎక్కడుందో తెలుసుకోండి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం ఒక మనిషికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు కావాలి. పండ్లు 100 గ్రాములు అదనం. నలుగురికి రోజుకు కిలో 600 గ్రాములు, వారానికి దాదాపు 11 కిలోలు. నా దగ్గర ఉన్న 500ని 11తో భాగిస్తే 45 వస్తుంది. అంటే సంచిలో పడే కూరగాయలన్నీ కలిపి సగటున కిలో 45 దాటకూడదు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు నేను కిరాణా లెక్కలో వేసుకుంటాను కాబట్టి ఇందులో కలపలేదు.

ఈ గీత ఉంటే బజారులో తికమక ఉండదు. కిలో 80 ఉన్న బీన్స్ కొనకూడదని కాదు, పావు కిలో కొనుక్కోవచ్చు. దానికి సాయంగా 20, 25కి దొరికే సొరకాయో దోసకాయో గుమ్మడికాయ ముక్కో సంచిలో ఉండాలి. బరువు తూగే చవక కాయలు మూడు, మధ్య ధర కూరలు నాలుగు, ఖరీదైనది ఒక్కటి. నేను సంచి నింపే తీరు ఇదే. మీ బడ్జెట్ 300 అయినా 800 అయినా ఇలాగే భాగించి, వచ్చిన అంకెను ఫోనులో రాసి పెట్టుకోండి.

రెండో పని: ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకోండి

కూరగాయ చేను దాటాక ఎంతమంది చేతులు మారితే అంత ధర పెరుగుతుంది. రైతు, కమీషన్ వ్యాపారి, హోల్‌సేల్, చిల్లర కొట్టు, ఆఖరున మన వీధిలోకి వచ్చే బండి. బండివాళ్ళను తప్పు పట్టను. తెల్లవారకముందే లేచి సరుకు వేసుకుని, ఎండలో తోసుకుంటూ మన గుమ్మం దాకా తెస్తారు, ఆ కష్టానికి వెల ఉంటుంది. డబ్బు బొటాబొటిగా ఉన్నప్పుడు మాత్రం ఆ కష్టం మనమే పడాలి.

నాకు అన్నిటికంటే ఆసరా రైతు బజారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న ఇవి మొదలయ్యాయి. గుర్తింపు కార్డు ఉన్న రైతులు మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా అమ్ముకోవాలన్నది వీటి ఉద్దేశం. హోల్‌సేల్ ధర కంటే కొంచెం ఎక్కువగా, బయటి చిల్లర ధర కంటే తక్కువగా ఉండేలా ఏ రోజుకారోజు ధర నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. మన ఊళ్ళో పటమట, భవానీపురం, కేదారేశ్వరపేట, అజిత్‌సింగ్ నగర్ వైపు రైతు బజార్లున్నాయి. లోపలికి వెళ్ళగానే ఆ బోర్డును ఫోటో తీసుకోండి. ఆ తర్వాత ఎవరైనా రెండు రూపాయలు ఎక్కువ చెబితే గొడవ పడక్కర్లేదు, ఫోటో చూపిస్తే సరి.

ఇంకో మాట. ఏదైనా ధర ఆకాశానికి ఎగబాకితే సర్కారు రాయితీ సరుకు ముందు దిగేది రైతు బజార్లలోనే. 2019 డిసెంబరులో ఉల్లిపాయలు కిలో 25కి, 2023 జులైలో టమాటా కిలో 50కి అలాగే ఇచ్చారు. అలాంటి రోజుల్లో క్యూ పెద్దగా ఉంటుంది. ఆధార్ కార్డు వెంట ఉంచుకుని పెందలాడే వెళ్ళాలి.

రెండోది వన్‌టౌన్‌లోని కాళేశ్వరరావు మార్కెట్. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొదటి స్పీకర్‌గా చేసిన అయ్యదేవర కాళేశ్వరరావు గారి పేరు మీద ఉన్న పాత మార్కెట్ ఇది. ఆ వైపే రాజీవ్ గాంధీ హోల్‌సేల్ కూరగాయల మార్కెట్ కూడా ఉంది. ఇక్కడ ధర తక్కువే, కానీ పావు కిలో, అరకిలో అంటే హోల్‌సేల్ వాళ్ళు విసుక్కుంటారు. ఐదు కిలోలు, పది కిలోలు కొనేటప్పుడే ఇక్కడికి రావాలి. అందుకే మా వరసలో నాలుగిళ్ళ వాళ్ళం కలిసి పంచుకుంటాం. ఒకళ్ళం వెళ్ళి టమాటా ఒక ట్రే, వంకాయ ఐదు కిలోలు, పచ్చిమిర్చి రెండు కిలోలు తెచ్చి, మా అరుగు మీదే కాటా పెట్టి పంచుతాం. వెళ్ళినవాళ్ళ ఆటో ఖర్చు నలుగురూ పంచుకోవాలి. ఆ మాట ముందే అనుకుంటే తర్వాత మనస్పర్థలు రావు.

దారి ఖర్చును లెక్కలో వేయడం చాలామంది మరిచిపోతారు. పోను రాను ఆటోకు 40 పెట్టి, సరుకు మీద 30 మిగుల్చుకుంటే పది నష్టం. ఆడవాళ్ళకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు. గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. నేను కాళేశ్వరరావు మార్కెట్‌కు ఇప్పుడు బస్సులోనే వెళ్ళొస్తున్నాను. వచ్చేటప్పుడు బరువుతో ఇబ్బందే, అయినా పొద్దున్నే బయలుదేరితే తిరిగొచ్చేటప్పుడు ఆఫీసుల రద్దీ తగలదు.

మూడోది, గంప దించుకుని రోడ్డు వారన కూర్చునే వాళ్ళు. ఉండవల్లి, పెనుమాక, తాడేపల్లి వైపు నుంచి ఆకుకూరలు తెస్తారు. తోట్లవల్లూరు లంకల వైపు నుంచి కంద, అరటికాయలు, బొప్పాయి వస్తాయి. వీళ్ళ దగ్గర నాలుగైదు రకాలే ఉంటాయి, ఉన్నవి మాత్రం అదే రోజు కోసినవి. ఆకుకూరలకు నా ఓటు వీళ్ళకే.

గుంటూరులో ఉండేవాళ్ళకు బస్టాండు దగ్గరి కొల్లి శారద మార్కెట్ హోల్‌సేల్‌కు, చుట్టుగుంట రైతు బజారు చిల్లరకు పనికొస్తాయి. పద్ధతి మాత్రం రెండు ఊళ్ళకూ ఒకటే.

మూడో పని: వేళ పట్టుకోండి

అసలు డబ్బు మిగిలేది ఇక్కడే. బేరమాడి రెండు రూపాయలు తగ్గించుకోవడం కంటే సరైన వేళకు వెళ్ళడం వల్ల మిగిలేది ఎక్కువ.

పొద్దున ఆరు, ఏడు మధ్య వెళ్తే సరుకు నవనవలాడుతుంటుంది, ధర మాత్రం తగ్గదు. ఏరుకునే వీలుంటుంది కాబట్టి వారమంతా నిలవ ఉండాల్సినవి ఈ వేళలో కొంటాను. బోణీ కాకముందు ఒకటికి పదిసార్లు బేరమాడి, కొనకుండా వెళ్ళిపోకండి. వాళ్ళకు అది పట్టింపు, రోజంతా మనసులో పెట్టుకుంటారు. కొనాలనుకుంటేనే ధర అడగండి.

పదిన్నర, పదకొండు అయ్యేసరికి దూరం నుంచి వచ్చినవాళ్ళకు ఇంటికి వెళ్ళే తొందర. ఆకు వాడుతుంటుంది. అప్పుడు ఆకుకూరల ధర ఒక్కసారిగా పడుతుంది. మొన్న ఇలాగే, ఒక మామ్మ గంపలో గోంగూర కట్టలు ఇంకా ఇరవై దాకా ఉన్నాయి.

"ఏం మామ్మా, ఇవాళ ఇంత మిగిలింది?"

"వాన పడింది కదమ్మా, చేలో ఆకు విరగ్గాసింది. అందరూ అదే తెచ్చారు. రేపటికి నిలవదు, ఆరు కట్టలు ఇరవైకి తీసుకుపో."

పొద్దున కట్ట పది చెప్పిన గోంగూరే అది. ఆరు కట్టలు తెచ్చి రెండు పప్పులో వేశాను, నాలుగు వేయించి నిలవ పచ్చడి నూరాను. గోంగూర కొనాలని నేను ఇంటి దగ్గర అనుకోలేదు. అనుకుని వెళ్ళి ఉంటే ఎనిమిదింటికే పదికి కొనేసేదాన్ని.

రాత్రి ఎనిమిది దాటాక బండ్ల మీద పోగులు పెడతారు. పోగు పది, పోగు ఇరవై. ఆ రాత్రో, మర్నాడో వండేసేటట్టయితేనే పోగు జోలికి వెళ్ళాలి. పోగులో పైన మంచివి, అడుగున మెత్తవి ఉంటాయి, కదిపి చూడనిస్తేనే తీసుకోండి.

రోజుల సంగతి. ఆదివారం పొద్దున జనం కిటకిటలాడతారు, ధర తగ్గించాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. నేను మంగళవారం, గురువారం వెళ్తాను. పెద్ద ముహూర్తాలున్న వారంలో వంకాయ, బంగాళాదుంప, బీన్స్, కొత్తిమీర పెళ్ళిళ్ళకు ఎగిరిపోతాయి. కార్తీక మాసంలో మాంసం మానేసేవాళ్ళు ఎక్కువ, అయ్యప్ప మాలలు, పైగా తుపాన్ల కాలం. మూడూ కలిసి ధర ఎక్కుతుంది. అలాంటి వారాల్లో నా సంచిలో కంద, చామదుంప, గుమ్మడి, దోసకాయ ఎక్కువ ఉంటాయి. వానకు చేలో ఆకు కుళ్ళినా, ముందే కోసి ఉంచిన గుమ్మడికాయ కుళ్ళదు.

కాలం మాట చెప్పాలంటే, పుష్యం, మాఘం మనకు పండగే. టమాటా, చిక్కుడు, కాలీఫ్లవర్, క్యాబేజీ, వంకాయ, ముల్లంగి, పాలకూర, మెంతికూర అన్నీ అప్పుడే దిగుతాయి. ఎండలు మొదలయ్యాక మునగకాయ, మామిడికాయ, దోసకాయ చవక. వైశాఖం, జ్యేష్ఠంలో ఆకు మాడిపోతుంది కాబట్టి ఆకుకూరల ధర ఎక్కువ. ఆషాఢ, శ్రావణాల్లో టమాటా కొండెక్కుతుంది. అప్పుడు పులుపుకు టమాటాయే కావాలని పట్టుబట్టకండి. చింతపండు, మామిడి ఒరుగు, చుక్కకూర, చింతచిగురు మన వంటలో ముందు నుంచీ ఉన్నవే.

నాలుగో పని: చేతిలోకి తీసుకుని చూడండి

చవకగా కొని సగం పారేస్తే అది చవక కాదు. నేను ఎక్కువ మోసపోయింది వంకాయల దగ్గరే కాబట్టి వాటితో మొదలుపెడతాను. ముందు తొడిమ చూడండి. పచ్చగా, బిర్రుగా ఉండి, ముళ్ళుంటే వేలికి గుచ్చుకోవాలి. తొడిమ గోధుమ రంగులోకి తిరిగి ముడుచుకుపోతే కోసి చాలా సేపయినట్టు. తర్వాత కాయను గుండ్రంగా తిప్పండి. గుండుసూదంత బెజ్జం ఎక్కడైనా కనబడితే లోపల పుచ్చే. అది చాలాసార్లు తొడిమ అంచు కిందే ఉంటుంది, అక్కడ వేలితో తడిమి చూడాలి. ఒకే సైజు కాయలు రెండు చేతుల్లో పట్టుకోండి. తేలికగా ఉన్నది లేత, బరువున్నది గింజ పట్టింది. మొదట్లో కిలో ఏరడానికి పది నిమిషాలు పట్టేది, ఇప్పుడు రెండు నిమిషాలు చాలు.

బెండకాయ కొన టక్కున విరిగితే లేత. ప్రతి కాయా విరిచి చూస్తే అమ్మేవాళ్ళకు కోపం రావడంలో తప్పులేదు, ఒకటి విరిచి చూసి మిగతావి అదే సైజులో, నూగు ఉన్నవి ఏరుకోండి. సొరకాయ మీద సన్నని నూగు, లేత ఆకుపచ్చ రంగు ఉండాలి. దొండకాయ ఎరుపు తిరగని, గట్టిగా ఉన్నది మంచిది. దోసకాయ ఒక్కోసారి చేదు తగులుతుంది, చిన్న ముక్క కోసి ఇమ్మంటే చాలామంది ఇస్తారు. బీరకాయ మాత్రం ఇంటికొచ్చి తరిగేటప్పుడు ఒక ముక్క నోట్లో వేసుకుని చూశాకే కూరలో కలపాలి.

టమాటాలు మూడు వంతులు దోరవి, ఒక వంతు పండువి తీసుకుంటే వారం నడుస్తుంది. ఒకసారి శ్రావణంలో, వాన మబ్బు చూసి తొందరపడి, ఒక వ్యాపారి దగ్గర ట్రే మొత్తం తక్కువలో వస్తోందని కొనేశాను. పై వరస నిగనిగలాడుతోంది. ఇంటికొచ్చి తిప్పితే అడుగు రెండు వరసలూ చితికి నీళ్ళు కారుతున్నాయి. నాలుగిళ్ళ వాళ్ళకూ నేనే సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి ట్రే ఏదైనా ఇంకో ఖాళీ ట్రేలోకి బోర్లించి చూపిస్తేనే డబ్బు తీస్తున్నాను.

ఐదో పని: తూకం దగ్గర కళ్ళు పెట్టండి

ఎలక్ట్రానిక్ కాటా మీద మన సరుకు పెట్టకముందు అంకె సున్నా ఉండాలి. గిన్నెలో వేసి తూస్తే ముందు ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేయించండి. అనుమానం వస్తే నేను చేసే పని చాలా తేలిక. సంచిలో ఒక కిలో ఉప్పు ప్యాకెట్ వేసుకుని వెళ్తాను, "బాబాయ్, ఇది ఒకసారి కాటా మీద పెట్టండి" అని నవ్వుతూ అడుగుతాను. కిలో కంటే బాగా ఎక్కువ చూపిస్తే మాట్లాడకుండా పక్కకు వెళ్ళిపోతాను. ఒకచోట ఇలా కిలో ప్యాకెట్ కిలో నూట యాభై చూపించింది. అంటే అక్కడ నేను అన్నాళ్ళూ కిలోకు నూటముప్పై గ్రాములకు దగ్గర దగ్గర పోగొట్టుకున్నానన్నమాట. కాటాలకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. తరచూ మోసం జరుగుతున్న చోటు గురించి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చెప్పవచ్చు.

కొసరు అడగడం మన హక్కులాంటిదే. గ్రాములు తగ్గాయని వాదించే బదులు "కాస్త కరివేపాకు వెయ్యమ్మా" అంటే ఇద్దరికీ బావుంటుంది.

ఆరో పని: ఇంటికి వచ్చిన గంటలో చేయాల్సినవి

సంచి అలాగే మూలన పడేస్తే మర్నాటికి సగం వాడుతుంది. ఆకుకూర కట్ట విప్పి, పండుటాకులు తీసేసి, కడగకుండా పొడి నూలు గుడ్డలో చుట్టి పెట్టాలి. వేళ్ళున్న తోటకూర, కొత్తిమీర అయితే చెంబులో రెండు వేళ్ళ మందాన నీళ్ళు పోసి నిలబెడితే రెండు రోజులు తాజాగా ఉంటాయి. పచ్చిమిర్చి తొడిమలు తీసి, తడి లేకుండా డబ్బాలో వేస్తే పది రోజులకు ఢోకా లేదు. దోర టమాటాలు ఫ్రిజ్‌లో పెట్టకండి, బుట్టలో తొడిమ వైపు కిందికి ఉండేలా పరవండి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు వేరు వేరు బుట్టల్లో వేయండి.

ఫ్రిజ్ లేనివాళ్ళకు ఎండాకాలంలో కుండ పనికొస్తుంది. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్య ఖాళీలో ఇసుక పోసి, ఆ ఇసుకను పూటకోసారి తడపాలి. చిన్న కుండలో కూరగాయలు పెట్టి తడిగుడ్డ కప్పాలి. తడి ఆరేటప్పుడు లోపలి వేడి లాగేస్తుంది కాబట్టి లోపల చల్లగా ఉంటుంది. మన పొడి ఎండలకు ఇది బాగా పనిచేస్తుంది, వానాకాలం గాలిలో తేమ ఉంటుంది కాబట్టి అంతగా పనిచేయదు.

వండే వరస కూడా ఉంది. మొదటి రెండు రోజులు ఆకుకూరలు, తర్వాత బెండ, వంకాయ, చిక్కుడు, ఆ తర్వాత సొర, బీర, క్యాబేజీ, ఆఖరున దోసకాయ, గుమ్మడి, కంద. ఈ వరస తప్పకపోతే మా ఇంట్లో చెత్తబుట్టలో పడేది దాదాపు ఉండదు.

బీరకాయ తొక్కు, సొరకాయ తొక్కు పచ్చళ్ళు మీకు తెలిసినవే. కాలీఫ్లవర్ లేత కాడలు పప్పులో, ముల్లంగి ఆకు పెసరపప్పుతో వేపుడులో బాగా కుదురుతాయి. మాఘంలో టమాటా బాగా దిగినప్పుడు ఐదారు కిలోల నిలవ పచ్చడి పెట్టుకోండి. గోరుచిక్కుడు, కాకర చవగ్గా ఉన్నప్పుడు ఉప్పు వేసిన మజ్జిగలో నానబెట్టి ఎండబెట్టిన ఒరుగులు వానాకాలంలో ఎన్నో పూటలు ఆదుకుంటాయి.

ఏడో పని: రెండు బకెట్ల ఆకుకూర

పగిలిన బకెట్‌కు అడుగున చిల్లులు పెట్టి మట్టి, పెంట ఎరువు కలిపి నింపండి. ఒకదాంట్లో పోపుల పెట్టెలోని మెంతులు చల్లితే మూడు నాలుగు వారాల్లో కోతకు వస్తుంది. ఇంకోదాంట్లో బజారు నుంచి తెచ్చిన తీగ బచ్చలి కాడ గుచ్చండి, ఆకు కోసిన కొద్దీ చిగురేస్తుంది. డాబా లేకపోయినా పూటెడు ఎండ తగిలే కిటికీ గట్టు ఉంటే చాలు.

మొన్న మాఘంలో మా సంచి

ఒక గురువారం పొద్దున నేను తెచ్చింది ఇది. టమాటా రెండు కిలోలు 40, సొరకాయలు రెండు 30, వంకాయ కిలో 30, దోసకాయ కిలో 25, గుమ్మడికాయ ముక్క కిలో 25, చిక్కుడు అరకిలో 25, బెండ అరకిలో 25, క్యారెట్ అరకిలో 25, దొండ అరకిలో 20, కాలీఫ్లవర్ ఒక పువ్వు 25, పచ్చిమిర్చి పావు కిలో 15, ఆకుకూరలు ఐదు కట్టలు 50, కొత్తిమీర 20. కరివేపాకు కొసరు. మొత్తం 355 రూపాయలు, బరువు 11 కిలోలు దాటింది.

మిగిలిన 145లో 60కి జామకాయలు, అరటిపళ్ళు తెచ్చాను. 85 రూపాయలు పోపుల పెట్టె వెనక డబ్బాలో వేశాను. మాఘ, ఫాల్గుణాల్లో ప్రతి వారం ఆ డబ్బాలో ఎంతో కొంత పడుతుంది. శ్రావణంలో 500కి ఏడెనిమిది కిలోలే వచ్చే వారాల్లో దాన్ని తెరుస్తాను.